రెండు రూపాయల బూట్లు



“ఆట కూడు పెట్టునా?” యను ప్రశ్న మన యిండ్లలో తఱచు వినబడుచుండును. మా సనత్‌నగరులోను ఈ మాట వినని బాలుడు లేడు. దీనికి బదులుగా మన జంటనగరముల బిడ్డ యొకని చరిత్రమును ఈ మాసము మనవి చేయుచున్నాము.

సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ 1936లో జన్మించెను. వారిది బీద కుటుంబము. బాలునకు ఫుట్‌బాలన్న ప్రాణము. కాలికి బూట్లు లేవు. చెప్పులు కుట్టువాడు రెండు రూపాయలడిగెను. అట్టి యింట రెండు రూపాయలు మిగుల్చుట యెంత కష్టమో గృహిణులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. బాలుడు తల్లి ముత్తమ్మను బ్రతిమాలి యా సొమ్ము తెచ్చుకొనెను. పోలీసువారు విడిచిన పాతబూట్ల తోలుతో అతని జోడు సిద్ధమయ్యెను.

పిమ్మట సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి దృష్టి యతనిపై పడెను. ఆయన బడిపంతులుగా నుండినవారు. 1950 మొదలు హైదరాబాదు పోలీసు జట్టునకు శిక్షకులు. సాధనకై నగరమునకు రమ్మనగా, రాకపోకలకు డబ్బు లేదని బలరామ్ విన్నవించెను. అద్దె సైకిలునకు దినమునకొక రూపాయి రహీమ్ గారే యిచ్చిరని అతడు తరువాత చెప్పుకొనెడివాడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు నాలుగవ స్థానము నొందెను. బలరామ్ ఆ జట్టులోనివాడు. 1960లో రోమునగరమున హంగరీపైనను, పెరూపైనను గోలులు చేసెను. 1962లో జకార్తాలో మనవారు దక్షిణకొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణపతకము గొనిరి. ఆ యేడే అతనికి అర్జున పురస్కారము లభించెను.

కాని మరుసటి యేడు, 1963లో, ఊపిరితిత్తుల వ్యాధిచే బలరామ్ ఆట మానవలసి వచ్చెను. అప్పటికి ముప్పదియేండ్లైనను నిండలేదు. ఆ జూన్ నెలలోనే రహీమ్ గారు క్యాన్సరు వ్యాధితో కీర్తిశేషులైరి. బలరామ్ గారు వంగదేశమున హుగ్లీతీరపు ఉత్తరపాడాలో నివసించి, 2023 ఫిబ్రవరి 16న మరణించిరి.

ఈ చరిత్రమువలన గ్రహింపవలసినవి రెండు. బిడ్డ యాటకై పెట్టిన చిన్న మొత్తమును దుబారాగా లెక్కింపరాదు. ఆ తల్లి యిచ్చిన రూపాయలకు ఒలింపిక్సు సంగతి తెలియదు. బిడ్డ ముఖములోని కోరిక మాత్రమే తెలియును. రెండవది, ఆటలో కాలిబలమును మెచ్చుకొనుచు దేహమును మఱువరాదు. మైదానమునుండి వచ్చిన బిడ్డ దినములు గడచినను దగ్గుచున్నచో కషాయముతో సరిపెట్టక వైద్యునికి చూపింపవలయును. గెలుపులను లోకము లెక్కించును. దగ్గును వినవలసినది ఇల్లే.