మెడకు దెబ్బ తగిలిన వేళ: ఎముక కాదు, కట్లు చూడవలెను

గిలకలదిండి రేవులో పడవకు మరమ్మతు చేయు వడ్రంగి, పలకలు గట్టిగా ఉన్నంత మాత్రమున తృప్తి చెందడు. పలకను పలకతో కలుపు బిగింపులను ఒక్కొక్కటిగా తట్టి చూచును. బిగింపు సడలిన పడవ ఒడ్డున ఉన్నంతకాలము చూపునకు బాగుగనే ఉండును. కెరటము తగిలిననాడు విచ్చిపోవును.

సుశ్రుతాచార్యులు శారీరస్థానము అయిదవ అధ్యాయమున స్నాయువులను వర్ణించుచు ఈ పడవనే ఉపమానముగా గ్రహించినారు. పలకలు అనేక బంధములతో కూడినపుడే నావ బరువు మోయునట్లు, స్నాయుబంధముల వలననే మన సంధులు భారము వహించునని వారి బోధ. దేహమున స్నాయువులు 900 అనియు, వానిలో 36 మెడయందున్నవనియు లెక్క చెప్పి, ఎముకకు, కండరమునకు తగిలిన దెబ్బ కంటె స్నాయువునకు తగిలిన దెబ్బ మనిషిని ఎక్కువగా చెరచునని హెచ్చరించినారు. వారి స్నాయు శబ్దము నేటి లిగమెంటు అను మాట కంటె విశాలమైనది. అయినను హెచ్చరిక మాత్రము మెడ విషయమున అక్షరాలా వర్తించును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆ రేవు నుండి ఒక మత్స్యకారుని నా వద్దకు తీసుకొని వచ్చినారు. పడవ నుండి గట్టుపైకి దూకబోయి జారి, తల వెనుకకు విరుచుకొని పడినాడు. ఎక్స్‌రే తీయించగా ఎముక విరగలేదని చెప్పినారట. “బెణుకే గదా అయ్యగారూ, నాలుగు రోజులు నూనె రాసి పట్టు వేయండి” అని అతని తల్లి కోరినది. అతడు నడచియే వచ్చినాడు. కాని మెడ వెనుక నడిమి ఎముకపై వ్రేలు ఉంచగానే ఉలికిపడినాడు. అరచేతులలో చీమలు ప్రాకుచున్నవన్నాడు. చొక్కా బొత్తాము పెట్టుకొనలేకపోయినాడు. నేను నూనె గిన్నె ప్రక్కన పెట్టి, అతనిని వెల్లకిల పరుండబెట్టి, తలకు ఇరువైపుల బట్ట చుట్టలు ఉంచి, 108 వాహనమున విజయవాడకు పంపినాను. “పెద్ద గురువుగారైతే పంపేవారు కాదు” అని ఆ తల్లి నొచ్చుకొన్నది. ఎం.ఆర్.ఐ. తీయగా రెండు పూసల నడుమ వెనుక కట్లు తెగియున్నవనియు, వెన్నుపాము వాచినదనియు తేలినది. శస్త్రవైద్యులు ఆ పూసలను బిగించినారు. అతడు మరల వల పట్టినాడు.

ఒక మాట దాపరికము లేక చెప్పవలెను. యౌవనమున నేనును ఇట్టి మెడలను మర్దించినవాడనే. వారిలో ఎవరికిని కీడు జరుగకపోవుట నా నేర్పు కాదు, వారి అదృష్టము.

ఎక్స్‌రే ఏల చాలదు? అది ఎముకను చూపును గాని లిగమెంటును చూపదు. పైగా దెబ్బ తగిలిన తొలి గంటలలో మెడ కండరములు బిగుసుకొని, తెగిన కట్ల పని తామే చేయుచు, పూసలను వరుసలో నిలిపి ఉంచును. కండరము సడలినప్పుడు పూస జారును, వెన్నుపాము నలుగును. సి.టి. స్కాను ఎముక పగులును ఎక్స్‌రే కంటె చక్కగా చూపును. మెత్తని కట్ల విషయమున దానికిని పరిమితి కలదు.

ఎం.ఆర్.ఐ. మార్గము వేరు. బలమైన అయస్కాంతము, రేడియో తరంగములు కలసి శరీరమందలి నీటి నుండి సంకేతములు రప్పించును. ఎక్స్‌రే కిరణముల ప్రసక్తి ఇందులో లేదు. ఆరోగ్యవంతమైన లిగమెంటు నల్లని గీతగా కనిపించును. తెగినచోట ఆ గీత విరుగును. చుట్టును చేరిన వాపునీరు తెల్లగా మెరయును. వెన్నుపాములోని వాపు, రక్తస్రావము, పూసల నడిమి డిస్కు జారుట కూడ తెలియును. రోజులు గడచిన కొలది వాపునీరు ఇంకిపోవును గనుక, అవసరమని తోచినచో 48 నుండి 72 గంటల లోపల తీయించుట మేలు.

అట్లని మెడ నొప్పి అన్న ప్రతివానిని ఆ యంత్రములోనికి పంపుట నాకు సమ్మతము కాదు. అది కొన్నిసార్లు సామాన్యమైన వాపును కూడ తీవ్రగాయమువలె చూపును. మధ్యతరగతి గృహస్థునకు ఖర్చు తక్కువ కాదు. పూర్తి తెలివితో ఉండి, సి.టి. సవ్యముగా ఉండి, చేతులు కాళ్ళలో లోపము లేనివారికి సాధారణముగా అది అక్కరలేదు. తిమ్మిరి, బలహీనత ఉన్నవారికి, స్పృహ లేక పరీక్షకు లొంగనివారికి, నడిమెడ నొప్పి విడువనివారికి అది విలాసము కాదు, అవసరము. పిల్లలలో కట్లు సాగుడుగుణము కలవి గనుక, ఎక్స్‌రేలో ఏ దోషము కానరాకయే వెన్నుపాము గాయపడవచ్చునని 1982లో పాంగ్, విల్బెర్గర్ అను వైద్యులు వివరించినారు. మెడ అరిగిన వృద్ధులు స్నానాలగదిలో జారి గడ్డము కొట్టుకొన్నను, ఎముక విరగకయే, కాళ్ళ కంటె చేతులు ఎక్కువగా చచ్చుబడుట కలదు.

ఈ యంత్రమును పరాయిదని నిరసించు సోదర వైద్యులకు ఒక మనవి. మెడ, తల కలియుచోట ఉన్న కృకాటిక మర్మము దెబ్బతిన్నచో తల నిలువదని సుశ్రుతులే చెప్పినారు. మెడ భగ్నమైనవానిని, కట్టు కట్టిన పిదప, ఏడు రాత్రులు వెల్లకిల పరుండబెట్టుమన్నదియు వారే. కదలనీయకుండుట మన శాస్త్రమే. లోపల చూడగల సాధనము వచ్చిన పిమ్మట చూడకయే లాగుట మన శాస్త్రము కాదు.

గృహస్థులు జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు మీది నుండి పడినవానిని, కాలువలో తలక్రిందులుగా దూకి లోతు చాలక దెబ్బతిన్న పిల్లవానిని, బండి మీది నుండి పడినవానిని కాళ్ళు చేతులు పట్టి ఎత్తరాదు, కూర్చుండబెట్టరాదు. తలక్రింద దిండు పెట్టరాదు. తలను రెండు చేతులతో నిలిపి ఉంచి, 108కి కబురు చేయవలెను. మెడ విరిపించుట, నూనె రాయుట, కాపడము పెట్టుట ఆ వేళ బొత్తిగా కూడదు. స్కానునకు పోవునపుడు గుండెకు పేస్‌మేకర్ ఉన్నను, కంటిలో లోహపు నలుసు ఎన్నడైన పడియున్నను ముందుగా చెప్పవలెను.

మెడ స్థిరపడినదని శస్త్రవైద్యుడు చెప్పిన పిమ్మట తైలములకు, పథ్యమునకు, మెల్లని వ్యాయామమునకు వేళ వచ్చును. అప్పుడు మా తలుపు తట్టుడు; సంతోషముగా తీయుదుము. అంతవరకు నూనె గిన్నె అటకమీదనే ఉండుట రోగికిని, వైద్యునకును క్షేమము.