పీఆర్ వచ్చేదాకా నోరు మూసుకోవాల్సిందేనా?

"పీఆర్ చేతికొచ్చేదాకా ఓపిక పట్టు నాయనా." ఆస్ట్రేలియాలో కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద పనిచేస్తున్న మన పిల్లలకు పెద్దలు చెప్పే మాట ఇది. జీతం పెంచకపోయినా, శని ఆదివారాలు పని చేయించుకున్నా, సెలవు అడిగితే మొహం మాడ్చుకున్నా సలహా మాత్రం అదే. ఒకప్పుడు ఈ మాటలో అర్థం ఉండేది. ఇప్పుడు చట్టం మారింది, మన సలహానే మారలేదు.

పాత లెక్క గుర్తు చేసుకుందాం. 457 వీసా స్థానంలో 2018 మార్చి 18న టీఎస్ఎస్ 482 వచ్చింది. స్వల్పకాలిక జాబితాలోని వృత్తులవారికి కంపెనీ ద్వారా పీఆర్ దారి దాదాపు మూసుకుపోయింది. మిగతావారు నామినేట్ చేసే యజమాని దగ్గరే మూడేళ్లు పనిచేయాలి. మధ్యలో ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. కంపెనీ మారితే మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొచ్చేది. అలాంటప్పుడు ఎవరైనా నోరు మెదుపుతారా?

ఆ ముడులు ఒక్కొక్కటే వదులయ్యాయి. 2023 నవంబర్ 25 నుంచి 482 వీసాలోని అన్ని విభాగాలవారికీ 186 పీఆర్ దారి తెరిచారు. మూడేళ్ల నిబంధనను రెండేళ్లకు తగ్గించారు. 2024 జూలై 1 నుంచి, ఉద్యోగం వదిలినా పోయినా ఒక్కో విడతలో 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజులు గడువు ఇచ్చారు. ఆ రోజుల్లో వేరే పని చేసుకునే వీలూ కల్పించారు. 2024 డిసెంబర్ 7న టీఎస్ఎస్ స్థానంలో స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసా వచ్చింది. దాంతోపాటే, ఆమోదం పొందిన ఏ స్పాన్సర్ దగ్గర చేసిన పనైనా ఆ రెండేళ్ల లెక్కలోకి వస్తుందన్నారు. అంటే మన సర్వీసు ఇప్పుడు మనతోనే వస్తుంది, పాత కంపెనీలో ఉండిపోదు.

అయితే చిక్కులన్నీ తీరిపోయాయని నేననను. రెండేళ్లు పూర్తయినంత మాత్రాన నామినేట్ చేసి తీరాలని ఏ యజమానినీ చట్టం బలవంతపెట్టదు. దరఖాస్తు నాటికి 45 ఏళ్లు నిండితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఈ దారి మూసుకుపోతుంది. 186 దరఖాస్తు వేశాక కంపెనీ నామినేషన్ వెనక్కి తీసుకుంటే దరఖాస్తు నిలవదు. అందుకే బేరమాడాల్సింది దరఖాస్తుకు ముందే. ఉద్యోగంలో చేరేటప్పుడే "పీఆర్‌కి ఎప్పుడు నామినేట్ చేస్తారు? ఖర్చులు ఎవరివి?" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి. అది చట్టబద్ధమైన హామీ కాకపోవచ్చు. కానీ దాటవేసే కంపెనీ ఏదో రెండేళ్లు పోగొట్టుకున్నాక కాకుండా రెండు నెలల్లోనే తెలిసిపోతుంది.

నా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒక కుర్రాడిని, స్పాన్సర్‌షిప్ ఖర్చు పేరుతో నెలనెలా జీతంలో కొంత వెనక్కి ఇమ్మన్నారు. "అందరూ ఇస్తున్నారంకుల్" అన్నాడు. స్పాన్సర్‌షిప్‌కు బదులుగా డబ్బు పుచ్చుకోవడం 2015 డిసెంబర్ నుంచి నేరం. ఇచ్చినవారికీ జరిమానా పడొచ్చు, వీసా రద్దు కావచ్చు. నామినేషన్‌తో కట్టాల్సిన శిక్షణ నిధి లెవీ యజమాని బాధ్యత. 186కి అది చిన్న కంపెనీకి 3,000 డాలర్లు, ఏటా కోటి డాలర్ల టర్నోవర్ దాటిన కంపెనీకి 5,000. దాన్ని ఉద్యోగి నెత్తిన రుద్దకూడదు.

ఫిర్యాదు చేస్తే వీసా పోతుందన్న భయం మనలో బలంగా ఉంది. పని చోట దోపిడీకి గురైనవారు ముందుకొస్తే, షరతులకు లోబడి వీసా రద్దు కాకుండా కాపాడే ఏర్పాటు 2024 జూలైలో వచ్చింది. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు ఫోన్ చేయడానికి ఇంగ్లిష్ అడ్డు కానక్కర్లేదు. 131 450కి చేసి తెలుగు అనువాదకులను అడగవచ్చు.

ఓపిక పట్టమని చెప్పేటప్పుడు ఇంట్లో మిగతావాళ్లనూ తలచుకోవాలి. పీఆర్ లేని ఇంటి పిల్లలు యూనివర్సిటీలో చేరితే అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు కట్టాలి. అబ్బాయి పదో తరగతిలో ఉండగా పోయిన రెండేళ్లు, ఆ ఫీజు రూపంలో తల్లిదండ్రుల మీద పడతాయి. ఆ లెక్కలో ఊరికే ఓపిక పట్టడం చాలా ఖరీదైన పని.

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైగా ఉన్నారు. ఉగాదికి, బతుకమ్మకు హాళ్లు నింపగల మన సంఘాలు, ఏడాదికి రెండుసార్లు రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌ను, ఉద్యోగ చట్టాలు తెలిసిన లాయర్‌ను పిలిచి కొత్తగా వచ్చినవారితో కూర్చోబెట్టలేవా? ఇక మనం, ముందొచ్చినవాళ్లం, "ఓపిక పట్టు" అనే ముందు "నీ కాంట్రాక్టు ఒకసారి చూపించు" అందాం.