పంజరంలోని పక్షికీ రాత్రి కావాలి

ఈమధ్య మన పట్టణాలలో చాలా ఇళ్ళలో కాకటీల్ పక్షులు కనిపిస్తున్నాయి. తలపై కుచ్చు, బుగ్గలపై నారింజరంగు మచ్చలు, పొడవాటి తోక గల ఈ పక్షి ఆస్ట్రేలియాకు చెందినది. మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్ మాత్రం తరతరాలుగా పంజరాలలోనే పెరిగిన విదేశీ పక్షి, దుకాణాలలో అమ్ముతున్నారు. మీలో కొందరు కొనిపెట్టమని ఇంట్లో అడుగుతూ ఉండవచ్చు. అడిగేముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: మన ఇంట్లో దానికి రాత్రి దొరుకుతుందా?

రాత్రి అందరికీ వస్తుంది కదా, ఇదేం ప్రశ్న అంటారేమో! పంజరాన్ని సాధారణంగా ముందుగదిలో పెడతారు. అక్కడ రాత్రి 11 గంటల దాకా టీవీ మోగుతుంది, లైటు వెలుగుతుంది. తెల్లవారుజామున అయిదింటికే ఎవరో ఒకరు లేస్తారు. కాకటీల్‌కు రోజూ 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం ఉండాలి. మన ఇంట్లో దక్కేవి ఆరు గంటలే!

నిద్ర చాలని పక్షి చిరాకుపడుతుంది, అరుస్తుంది, కరుస్తుంది. ఒక్కొక్కప్పుడు తన ఈకలను తానే పీక్కుంటుంది. మనమేమో దానికి పొగరు అనుకుంటాం. అయితే అసలు నష్టం ఇంతకంటే పెద్దది.

పక్షులకు వెలుతురు గడియారమే కాదు, క్యాలెండరు కూడా. 1930వ దశకంలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్వా బాతులపై ప్రయోగాలు చేశాడు. చూపు లేని బాతులలో సైతం వెలుతురు ప్రభావంవల్ల జననాంగాలు పెరుగుతాయని నిరూపించాడు. కారణమేమంటే, పక్షుల మెదడు లోపలే కాంతిని గుర్తించే కణాలున్నాయి. పగలు పొడవైనకొద్దీ, గుడ్లు పెట్టే కాలం వచ్చిందని శరీరానికి కబురు అందుతుంది.

కోళ్ళఫారాలలో చీకటిపడ్డాక కూడా లైట్లు వెలగడం మీరు చూసే ఉంటారు. గుడ్లు పెట్టే కోళ్ళకు రోజుకు దాదాపు 16 గంటల వెలుతురు ఇస్తారు. మన ప్రాంతంలో సహజమైన పగలు ఏడాది పొడవునా 11 నుంచి 13 గంటల మధ్యనే ఉంటుంది. మరి మన ముందుగదిలో? ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా లెక్కకట్టండి, 17 గంటలు! ఫారం యజమాని తెలిసి చేసే పనిని మనం తెలియకుండా చేస్తున్నామన్నమాట. ఫలితంగా ఆడ కాకటీల్ జత లేకపోయినా వరుసగా గుడ్లు పెట్టవచ్చు. గుడ్డు పెంకుకు కాల్షియం కావాలి. మేతలో చాలకపోతే ఎముకల నుంచి పోతుంది. 90 గ్రాముల బరువుండే ఆ పక్షి ఎంతకాలం తట్టుకోగలదు? గుడ్డు లోపల ఇరుక్కుపోతే ప్రాణమే పోవచ్చు.

దీనికి తోడు చాలామంది వట్టి గింజలే వేస్తారు. పొద్దుతిరుగుడు గింజలలో కొవ్వు ఎక్కువ. కాల్షియం, ఎ విటమిను తక్కువ. కనుక కొర్రలవంటి చిరుగింజలతోపాటు పక్షులకోసం తయారయ్యే గుళికల మేత, తరిగిన క్యారెట్, కొత్తిమీర, మునగాకు కూడా పెట్టాలి. కొత్త మేతను కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నీళ్ళు రోజూ మార్చాలి. చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు చిరుతిళ్ళు పెట్టకూడదు.

రాత్రి పంజరంపై గుడ్డ కప్పితే చాలదా అని మీరు అడగవచ్చు. గుడ్డ వెలుతురును ఆపుతుంది గాని టీవీ మోతను ఆపలేదు. పైగా కాకటీల్ చీకటిలో చిన్న అలికిడికే బెదిరి, రెక్కలు కొట్టుకుని గాయపడుతుంది. అటువంటి పక్షికి అతి సన్నని వెలుగు ఉంచడం మంచిది. మస్కిటో కాయిల్, అగరుబత్తి పొగ దగ్గరకు రానివ్వకండి. పక్షుల శ్వాసకోశం చాలా సున్నితమైనది. బ్రిటన్ బొగ్గు గనులలో విషవాయువులను ముందుగా కనిపెట్టడానికి 1986 దాకా కానరీ పక్షులను వాడింది ఇందుకే.

నా సలహా ఒకటే. పక్షిని కొనేముందు ఖాళీ పంజరంతో 15 రోజులు పరీక్ష పెట్టండి. రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా దాని చుట్టూ చీకటి, నిశ్శబ్దం ఉంటున్నాయా? రోజూ ఒక కాగితంపై రాయండి. రెండు గదుల ఇంట్లో, పరీక్షలకు చదివే పిల్లలున్న చోట ఇది కుదరకపోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. కుదరనప్పుడు తేకపోవడమే ఆ పక్షికి మీరు చేసే మేలు. సరిగా పెంచితే కాకటీల్ 15, 20 ఏళ్ళు బతుకుతుంది. అంటే మీరు ఉద్యోగంలో చేరేనాటికి కూడా దానికి రోజూ రాత్రినిచ్చేవారు ఇంట్లో ఉండాలి.

ఇప్పటికే పెంచుతున్నవారు ఈ పరీక్ష పెట్టనక్కరలేదు. ఈ సాయంత్రమే పంజరాన్ని ముందుగది నుంచి మార్చండి.