చిలక పంజరంలో హామ్‌స్టరా?

వికారాబాదు జిల్లా మర్పల్లిలో ఉంటుంది మా చెల్లెలు. కిందటి డిసెంబరులో ఓరోజు పొద్దున్నే ఫోను. "అన్నా, పిల్ల ఏడుపు ఆపుతలేదు. ఎలుకపిల్ల కట్టె లెక్క అయింది" అని.

ఎలుకపిల్ల అంటే హామ్‌స్టర్. నాలుగో తరగతి చదివే మేనకోడలి పుట్టినరోజుకని మా బావగారు హైదరాబాదు నుంచి జోడీ తెచ్చారు, పంజరంతో సహా. నెల తిరక్కుండానే ఒకటి రెండోదాన్ని కరిచి చంపేసింది. మిగిలినదాన్ని పంజరంతో పాటు వరండాలో వేలాడదీశారు, అచ్చం చిలకలాగే! ఆ పొద్దున దాన్ని వేపచెట్టు కింద పూడ్చేశారు.

అది నిజంగా చచ్చిపోయిందా అని నాకిప్పటికీ అనుమానమే. చలి మరీ ఎక్కువైతే హామ్‌స్టర్ ఒళ్లు చల్లబడిపోతుంది. ఊపిరి ఉందో లేదో తెలియదు. చూసినవాళ్లు పోయిందనుకుంటారు. మీ ఇంట్లో ఇలా జరిగితే వెంటనే గుంత తవ్వకండి. మెత్తటి గుడ్డలో చుట్టి, వెచ్చని గదిలో పెట్టి, మీసాలు కదులుతాయేమో చూడండి. పశువుల డాక్టరుకి చూపించండి.

అసలు తప్పు పంజరంలోనే ఉంది. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో తవ్వి ఓ తల్లినీ పిల్లల్నీ పట్టుకున్నారు. ఇవాళ ఇళ్లలో పెరిగే సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ వాటి సంతానమే. నేలలో లోతుగా బొరియ తవ్వుకుని, ఒంటరిగా బతికే జీవి అది. పగలు నిద్ర, రాత్రి షికారు. అలాంటిదాన్ని నాలుగు వైపులా గాలి కొట్టే తీగల మధ్య కూర్చోబెడితే ఏం చేస్తుంది? తీగలు కొరుకుతుంది. పైకెక్కి కింద పడుతుంది. దానికి ఎత్తు అక్కర్లేదు, నేల కావాలి.

అందుకే ఈసారి ఊళ్లో వడ్రంగికే పని చెప్పాం. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు చెక్క పెట్టె. ముందు గాజు పలక, పైన ఇనుప జాలి. జాలి కన్ను సెంటీమీటరు దాటకూడదు. మరుగుజ్జు రకాలకైతే అందులో సగమే. లోపల రంగు, వార్నిషు వద్దు, ఎలాగూ కొరుకుతుంది కదా!

అడుగున కనీసం 15 సెంటీమీటర్ల మందాన పరుపు ఉండాలి. ఇంట్లో పత్తి ఉంది కదా అని వేసేరు! పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి, మింగితే పేగుకి అడ్డం పడతాయి. రంపపు పొట్టులో దుమ్ము ఎక్కువ. తెల్ల టిష్యూ కాగితం చింపి వేయండి. సిరా ఉన్న కాగితం కన్నా అదే మేలు, కాబట్టి మా పత్రికను చదివి దాచుకోండి.

చక్రం తప్పనిసరి. సిరియన్‌కి 25 సెంటీమీటర్లకు తగ్గితే నడుము వంగుతుంది. మెట్లలా ఊచలున్నవి కొంటే కాలు ఇరుక్కుంటుంది, పట్టీలా మూసి ఉన్నదే చూడండి. దాక్కోడానికి కుమ్మరి చేసిన మట్టి ముంతను అడ్డంగా పడుకోబెడితే చాలు. నీళ్లకు సీసా.

వేసవి మాటేమిటంటే, 30 డిగ్రీలు దాటితే దానికి ప్రాణసంకటం. పెట్టెను రేకుల గదిలోనో, కిటికీ ఎండలోనో ఉంచొద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో నేలమీదే పెట్టండి. లోపల ఓ తాండూరు బండ ముక్క వేస్తే దానిమీద బోర్లా పడుకుంటుంది. గోళ్లు కూడా అరుగుతాయి.

ఇక జోడీ అని అంటగడితే వద్దనండి. సిరియన్‌వి పెద్దయ్యాక కలిసి ఉండవు. ఆడా మగా అయితే పోట్లాట మధ్యలో సంసారం, పదహారు రోజుల్లో పిల్లలు!

ఉగాదికి పెట్టె వచ్చింది. కొత్తది ఒకటే వచ్చింది. రెండోరోజుకల్లా సొరంగం తవ్వేసుకుంది. "మామా, ఇగ కనిపిస్తనే లేదు" అని మేనకోడలి ఫిర్యాదు. రాత్రి పదింటికి లైటు ఆర్పేసి, చప్పుడు చేయకుండా గాజు పక్కన కూర్చోమన్నాను.