చూచిన మొగమే సాక్ష్యమా?

"ఆ మొగమును వేయిమందిలోనైనను ఆనవాలు పట్టుదును" అని న్యాయస్థానమున ప్రమాణపూర్వకముగఁ జెప్పు సాక్షిని మనవారు శంకింపరు. అతఁడు బొంకుచున్నాఁడని మేమును అనము. మనసార నమ్మియే చెప్పుచున్నాఁడు. చిక్కంతయు నందే యున్నది. నమ్మకము గట్టిదైనంత మాత్రమున జ్ఞాపకము గట్టిదగునా?

లండనులో అడాల్ఫ్ బెక్ అను నార్వేదేశస్థుఁ డుండెను. ప్రభువునని చెప్పుకొని స్త్రీల నగల నపహరించిన మోసగాఁ డితఁడే యని పలువురు స్త్రీలు ఒకరి వెంట నొకరు వ్రేలు పెట్టి చూపిరి. 1896లో ఏడేండ్ల కఠినశిక్ష పడెను. 1877లో నిట్టి నేరమునకే శిక్ష పొందిన స్మిత్తనువాఁడే యితఁడని అధికారుల తలంపు. 1898లో చెరసాల పత్రములు చూడఁగా స్మిత్తునకు సున్తీ యైనట్లును, బెక్కునకు కానట్లును తేలెను. అయినను విడువలేదు; ఖైదీసంఖ్యను మాత్రము మార్చిరి! 1901లో వెలికి వచ్చినవానిని 1904లో మరలఁ బట్టిరి; మరల స్త్రీలు గుర్తించిరి; మరల దోషి యనిరి. శిక్ష చెప్పకమున్నే అసలు దొంగ దొరకెను. 1907లో ఇంగ్లండున క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడుట కీ యనర్థ మొక ముఖ్యకారణము.

ఆ స్త్రీలందఱును గ్రుడ్డివారా? కారు. ఎఱిఁగిన మొగము వేఱు, ఎఱుఁగని మొగము వేఱు. గడ్డము పెంచి పదేండ్లకు వచ్చిన తమ్ముని మసకవెలుతురులోనైనను పోల్చుకొందుము. క్రొత్తవాని ఛాయాచిత్రములు రెండు చూపినచో ఇద్దఱు మనుష్యులని భ్రమపడుదుము. పల్లెలో దొంగను చూచినంతనే పట్టుచున్నారు గదా యని కొందఱందురు. పల్లెలో నందఱు నొకరి నొకరెఱుఁగుదురు; అది వాదమే కాదు. మఱియు మనస్సు కన్ను, ముక్కు, నోరు విడివిడిగ నెన్నదు. మొగము నంతటిని ఒక్కటిగ గ్రహించును. అందుచేతనే మొగమును తలక్రిందుగఁ జూపిన తడఁబడుదుము. ఇంతకంటె నపాయకర మొకటి కలదు: ఒకమాఱు వ్రేలు పెట్టి చూపిన మొగమే నాఁడు చూచిన మొగము స్థానమున కూర్చుండును. పిమ్మట సాక్షి యెన్నిమాఱులు చెప్పినను దానినే చెప్పును.

స్వయంవరమున అయిదుగురు నలులను చూచి దమయంతి మొగమును నమ్మలేదు. దేవతలను వేఁడుకొని ఱెప్పపాటును, చెమటను, నేలపై నీడను, వాడిన పూదండను చూచి నలుని వరించెను. సున్తీగుఱుతు నెఱిఁగియు మొగమునే నమ్మిన లండను అధికారుల కాపాటి వివేకము లేకపోయెను.

మన దేశమునను గుర్తింపు పరేడులు జరుగుచున్నవి. అనుమానితుని బొమ్మను పత్రికలోనో సెల్‌ఫోనులోనో ముందే చూచి వచ్చిన సాక్షి యచ్చట గుర్తించున దేమి? ఆ బొమ్మ నూరూర పంపువారిలో చదువుకొన్న మన యింటివారును లేరా? వరుసను చూపు ఉద్యోగికి అనుమానితుఁ డెవఁడో తెలియరాదు. "వీరిలో దొంగ లేకపోవచ్చును" అని సాక్షికి ముందే చెప్పవలెను. అతని కెంత నమ్మకమో ఆ క్షణముననే వ్రాసికొనవలెను. వీనికి కానియైనను ఖర్చు లేదు.