మొన్న పెడితే ఏమీ కాలేదే!

మా అక్క ఇంట్లో రాజా అని ఓ పామెరేనియన్ ఉన్నాడు. 4 కిలోల బరువుంటాడు. కిందటేడాది మేనల్లుడి పుట్టినరోజుకు ఇంట్లోనే కేకు చేశారు. ఆ హడావుడిలో కోకో పొడి డబ్బా గట్టు మీంచి జారిపడింది. ఒలికింది మూడు నాలుగు చెంచాలుంటుంది. చీపురు తెచ్చేలోగా రాజా వచ్చి నేలంతా నాకేశాడు. అందరం ముచ్చటగా చూశాం. నాకెందుకో అనుమానం వచ్చి అడిగితే, "మొన్న చాక్లెట్ ముక్క పెడితే ఏమీ కాలేదే!" అన్నారు బావగారు. నేనూ ఊరుకున్నాను.

సాయంత్రం చుట్టాలొచ్చారు. రాజా ఒకచోట కుదురుగా పడుకోలేదు. గిన్నెడు నీళ్ళు తాగాడు, కాసేపటికి మళ్ళీ తాగాడు. ఎన్నడూ లేనిది హాల్లోనే ఒంటేలు పోశాడు. ఇంటినిండా జనం కదా, హుషారులో ఉన్నాడనుకున్నాం. పదకొండింటికి వాంతి చేసుకున్నాడు. ఒంటిగంటకు వెనక కాళ్ళు వణకడం మొదలైంది. ఒళ్ళోకి తీసుకుంటే వాడి గుండె నా అరచేతి కింద లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది.

పశువుల డాక్టరుగారు వాణ్ణి బల్లమీద పడుకోబెడుతూనే మూడు ప్రశ్నలు వేశారు. బరువెంత? ఏ చాక్లెట్, ఎంత తిన్నాడు? తిని ఎంతసేపైంది? మూడోదానికి జవాబు చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు. తొమ్మిది గంటలైంది.

రాజా బతికాడు. కానీ ఆ తొమ్మిది గంటలు నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

చాక్లెట్‌లో కుక్కకు విషమయ్యేది ముఖ్యంగా థియోబ్రోమిన్. కాఫీలో ఉండే కెఫీన్‌కు దగ్గరి చుట్టం. చాక్లెట్‌లో కొద్దిగా ఆ కెఫీన్ కూడా ఉంటుంది. మన ఒంట్లో థియోబ్రోమిన్ సగానికి తగ్గడానికి 6 నుంచి 10 గంటలు చాలు. కుక్క ఒంట్లో అదే పనికి దాదాపు 17 గంటలు పడుతుంది. అంతసేపూ అది నరాలను రెచ్చగొడుతూ, గుండెను పరుగెత్తిస్తూనే ఉంటుంది. ఒంటేలులో పోవాల్సింది కూడా మూత్రాశయం గోడల్లోంచి కొంత మళ్ళీ రక్తంలోకి ఇంకుతుంది. రాజాను రెండు మూడు గంటలకోసారి ఒంటేలుకు తీసుకెళ్ళమని డాక్టరుగారు చెప్పింది అందుకే. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న కొద్దిసేపట్లోనే తీసుకెళ్తే కక్కించి, బొగ్గు మందు పట్టించి చాలావరకు ఆపగలరు. ఆలస్యమైతే సెలైన్ పెట్టి, వణుకుకూ గుండెదడకూ మందులిస్తూ ఆ విషం దిగేదాకా కాచుకోవాల్సిందే. కొన్నిసార్లు మూడు రోజులు పడుతుంది.

మరి బావగారు మొన్న పెట్టిన ముక్కకు ఏమీ కాలేదెందుకు? అది పాల చాక్లెట్, అందులోనూ చిన్న ముక్క. పాల చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. డార్క్ చాక్లెట్‌లో 5 దాకా, కోకో పొడిలో 20కి పైమాటే. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, అలజడి మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది. 60కి ఫిట్స్ రావచ్చు. రాజా బరువుకు లెక్కేస్తే పాల చాక్లెట్ 40 గ్రాములు తింటే గానీ మొదటి మెట్టు ఎక్కడు. కోకో పొడి 4 గ్రాములకే ఎక్కేస్తాడు. ఆ రోజు వాడు నాకింది దానికి రెండు మూడింతలు.

వీధిలో పిల్లలు చాక్లెట్ బిస్కెట్ విసిరితే పెద్ద కుక్క తిని తోకాడిస్తూ పోతుంది. నిజమే, దానికేమీ కాదు. నాకు భయం వేసేది ఆ బిస్కెట్‌ను చూసి కాదు, దాంతో మనకొచ్చే ధైర్యాన్ని చూసి. ఆ ధైర్యంతోనే దీపావళికొచ్చిన డబ్బాలోంచి డార్క్ చాక్లెట్ తీసి పెడతాం. అందులో కిస్మిస్ ఉంటే ఇంకో గండం, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడుచేయగలదు. షుగర్ లేదని కొనే కొన్ని చాక్లెట్లలో వాడే జైలిటాల్ అయితే కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే పడగొట్టేస్తుంది.

చాక్లెట్ పట్నం సరుకనీ పల్లెటూరి కుక్కకు ఈ బెడద లేదనీ అనుకోవద్దు. దేశంలో కోకో పంటకు పెట్టింది పేరు మన ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. కాయ కొట్టి, గింజలను కొన్నాళ్ళు పులియబెట్టి, కళ్ళాల్లో ఎండబోస్తారు. థియోబ్రోమిన్ పుట్టేది ఆ గింజలోనే. పైన పొట్టులోనూ ఉంటుంది. కళ్ళం పక్కన కాపలా పడుకునే కుక్క, నోటికందింది కొరికే దాని పిల్లలు ఆ గింజల జోలికి పోకుండా చూడటం రైతు బాధ్యతే. గింజల పొట్టును మొక్కల మొదళ్ళలో పరిచేవాళ్ళకూ ఇదే మాట.

ఇంకొక్కటి గట్టిగా చెప్పాలి. కక్కించాలని ఉప్పునీళ్ళు పట్టించకండి. ఆ ఉప్పే కుక్క ప్రాణం తీయగలదు. మజ్జిగ పోస్తే విరుగుతుందన్నదీ వట్టిమాట. వణుకుతున్న కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. రేపర్ గానీ డబ్బా గానీ చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కుక్క బాగానే కనిపిస్తున్నప్పుడే పరుగెత్తాలి. లక్షణాలు బయటపడటానికి రెండు గంటలు పట్టొచ్చు, పన్నెండు గంటలూ పట్టొచ్చు.

మొన్న అక్క వాళ్ళింటికి వెళ్ళాను. కోకో డబ్బా పై అరలోకి చేరింది. దానిమీద మేనల్లుడు స్కెచ్ పెన్నుతో కుక్క బొమ్మ గీసి, అడ్డంగా ఎర్రగీత కొట్టాడు. చాక్లెట్ కంపెనీలు అచ్చు వేయాల్సిన బొమ్మ అది. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్కను ప్రతి రేపర్ మీదా వేయాలని చట్టం చేసినవాళ్ళు ఈ బొమ్మకూ దాని పక్కనే కాస్త చోటు ఇప్పించాలి.