మైనస్ వైర్లు కలపకండి!

సంక్రాంతికి రాజమండ్రిలో మావయ్యకి టీపీఏ3116 చిప్ బోర్డుతో క్లాస్ డీ ఆంప్ కట్టాను. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల ఛార్జరే పవర్ సప్లై. (ట్రాన్స్‌ఫార్మర్ ఎవడు మోస్తాడు!) పాట పెట్టగానే టక్‌మని ఆగింది. ఇంటినిండా చుట్టాలు. "పాతదే నయం కదరా" అన్నాడు.

గంటకి దొరికింది. పాత ఆంప్‌లో రెండు స్పీకర్ల మైనస్సూ గ్రౌండే, అందుకే మావయ్య మూడు వైర్లే లాగాడు. ఈ చిప్‌లో మైనస్ కూడా సిగ్నలే మోస్తుంది. రెండూ కలిస్తే చిప్ తనని కాపాడుకోడానికి ఆగిపోతుంది. నాలుగో వైరు లాగాక పాట అందుకుంది.

లోపల ట్రాన్సిస్టర్లు సెకనుకు 4 లక్షల సార్లు స్విచ్చుల్లా ఆన్, ఆఫ్ అవుతుంటాయి. అందుకే వేడిగా పోయే కరెంటు తక్కువ. రాత్రి పదింటికి మావయ్య హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టాడు.

"ఇంకా వేడెక్కలేదేంట్రా, మళ్లీ ఏం పీకావు?"